మూడు కారణాల సెలవు ఫారం

హన్మకొండలో నేను పనిచేసిన ఆఫీసులో సూపరింటెండెంట్ ఒకాయన ఉండేవాడు. కంప్యూటర్‌లో ఫారాలు తయారుచేయడంలో తనను మించినవాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం. ఆయన చేసిన సెలవు ఫారంలో మన పేరు, తేదీలు తప్ప టైపు చేయడానికేమీ ఉండదు. కారణం దగ్గర నొక్కితే చిన్న జాబితా దిగుతుంది: జ్వరం, పెళ్లి, చావు. మనిషికి ఇంకేం కావాలి? మిగతాదంతా పాస్‌వర్డ్ పెట్టి బిగించేశాడు. తెల్లకాగితం మీద రాసిన అర్జీలు చెల్లవని సర్క్యులర్ కూడా తీశాడు.

ఎవరేం అడిగినా చూపుడువేలితో తెరను తట్టి, "ఫారంల లేనిది ఆఫీసుల లేనట్టే" అనేవాడు.

ఓ వానాకాలం, వర్ధన్నపేట నుంచి వచ్చే, మేమంతా అక్కా అని పిలిచే మా అటెండర్ ఇంటి గోడ కూలింది.

"గోడ కూలిందని యాడ పెట్టాలె సార్?"

ఆయన తెర తట్టాడు. "గోడ లేదు. పెండ్లి అని పెట్టు."

యాభై ఏళ్ల అక్క పెళ్లి సెలవు మీద వెళ్లి గోడ కట్టించుకుంది.

మరుసటి ఏడాది ఆయన భార్యకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. జాబితాలో ఆపరేషన్ లేదు. చేర్చుదామంటే పాస్‌వర్డ్ మరిచిపోయాడు. తెల్లకాగితం మీద రాసిస్తే, పై ఆఫీసర్ ఆయన సర్క్యులర్‌నే చూపించి వెనక్కిచ్చాడు. తెర ముందు బిగుసుకుని కూర్చున్న ఆయనకు అక్క చాయ్ తెచ్చి ఇచ్చింది.

"ఫికర్ ఎందుకు సార్? పెండ్లి అని పెట్టుండ్రి."

ఆయన వేలు తెర దాకా వెళ్లింది కానీ, తట్టలేదు. భార్య దవాఖానలో ఉన్న వారం రోజులూ మా రికార్డుల్లో ఆయన పెళ్లి సెలవులో ఉన్నాడు.