పలకను నమ్మని మా చిన్నాన్న

మా చిన్నాన్న క్వా తియామ్ హువాట్‌కు భయం. దేనికని అడగకండి, నేను చెప్పడం పూర్తయ్యేసరికి మీకు ఆకలేస్తుంది. ఉరుమంటే భయం, ఉరమని మబ్బంటే ఇంకా భయం. లిఫ్టు, పీత, చేపముల్లు, ఉత్తరం తెచ్చే మనిషి, అన్నీ భయమే. అన్నిటికన్నా ఎక్కువగా సముద్రమంటే భయం. అలాంటి మనిషి అరవై రెండేళ్లుగా సముద్రం మీదే కాపురముంటున్నాడు.

మలేషియాలోని పెనాంగ్‌లో మా వంశంవాళ్లంతా ఉండే జెట్టీ అంటే నీళ్లలో పాతిన గుంజల మీద పరిచిన చెక్కపలకల వీధి. ఇళ్లు లేని చోట పక్కన ఆధారమేమీ ఉండదు. కాలు జారితే పోటు సమయంలో నీళ్లు, ఆటు సమయంలో బురద. మేమంతా ఆ వీధిలో పరుగులు పెట్టి పెరిగినవాళ్లమే. చిన్నాన్న మాత్రం ప్రతి పలకనూ మడమతో రెండుసార్లు తట్టి, అది పలికిన తీరు నచ్చితేనే అడుగేస్తాడు.

ఆయన ఇల్లు జెట్టీ కొసన. నా నూడుల్స్ బండి రోడ్డు దగ్గర. టక్కుటక్కుమని వినపడగానే ఆయన కోసం పొయ్యి మీద నీళ్లు పెడతాను. ఆయన చేరేసరికి నీళ్లు మరిగి, నూడుల్స్ ఉడికి, ఇంకెవరో తినేసి వెళ్లిపోయి ఉంటారు.

"చిన్నాన్నా, ఆ పలక మీద ఇప్పుడే గ్యాసు బండల బండి వెళ్లింది."

"అందుకేనమ్మా భయం. బండి వెళ్లాక దాని పరిస్థితి ఏమిటో."

పోయినేడు ఎవరో రెండు పడవ మోటార్లు ఎత్తుకుపోయారు. చిన్నాన్న నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. ఐదో రోజు నా బండి దగ్గరికొచ్చి, "గట్టిగా మొరిగే కుక్క కావాలి" అన్నాడు.

"కుక్కలంటే భయం కదా?"

"దొంగలంటే ఇంకా భయం."

సరేనని బాలిక్ పులావ్ అనే ఊళ్లో దిక్కులేని కుక్కల్ని సాకే యోగమలర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ గట్టిగా మొరిగే కుక్కలకు కొదవ లేదు. ఒక్కొక్కటి మొరుగుతుంటే చిన్నాన్న ఒక్కొక్క అడుగే వెనక్కేసి చివరికి నా వీపు వెనక చేరాడు. అటు చెక్క వసారాలో ఒక గోధుమరంగు ఆడకుక్క మాత్రం మొరగకుండా గోడకేసి ముఖం పెట్టి కూర్చుంది.

"అది మంచిదిలా ఉంది, నన్ను చూడటం లేదు" అన్నాడు.

"దానికి చూపు లేదండీ. వినపడదు కూడా" అన్నారు యోగమలర్ గారు. "ముట్టుకోకండి. పక్కన మనిషి ఉన్నాడని తెలియక, చెయ్యి తగలగానే ఉలిక్కిపడి కరుస్తుంది. ఇద్దరు తీసుకెళ్లి, తిరిగి తెచ్చిచ్చేశారు."

అప్పటికే చిన్నాన్న అలవాటు కొద్దీ వసారా పలకను రెండుసార్లు తట్టేశాడు. కుక్క తలెత్తింది. ఆయన ఇంకో పలక తట్టాడు. అది లేచి, నేలను వాసన చూసుకుంటూ వచ్చి, సరాసరి ఆయన పాదం మీద కూర్చుంది.

చిన్నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తీసెయ్యమని చెప్పు."

"మీరే కాలు తీసుకోండి."

"కదిలితే కరుస్తుందేమో."

అరగంట అలాగే నిలబడ్డాడు. యోగమలర్ గారు నెమ్మదిగా, "వస్తున్నానని దానికి ముందే చెప్పినవాళ్లు మీరొక్కరేనండీ" అన్నారు.

చిన్నాన్న కిందకి చూశాడు. "అంటే దీనికి అన్నీ చెప్పాపెట్టకుండా వచ్చి మీద పడతాయన్నమాట. ఎంత భయపడి ఉంటుందో పాపం."

అలా కుక్క మాతో వచ్చింది. కానీ ఒక షరతు మీద. "నీళ్ల మీద ఇల్లంటున్నారు. నెల తరవాత వచ్చి చూస్తాను. పడిపోయే చోటైతే తీసుకెళ్లిపోతాను" అన్నారావిడ.

జెట్టీలో అందరినీ అదుపులో పెట్టే గ్వాట్ నియో పెద్దమ్మ గుమ్మంలోనే అందుకుంది. "కాపలాకని చూపూ చెవులూ లేనిదాన్ని తెచ్చావా హువాట్? దొంగొస్తే దీన్ని కూడా ఎత్తుకుపోతాడు."

"దీన్ని కూడానా వదినా?" అని చిన్నాన్న ఆ సాయంత్రమే గేటుకు రెండో తాళం కొన్నాడు.

దానికి పెంగాన్ అని పేరు పెట్టాడు, క్షేమం అని అర్థం. "వినపడని కుక్కకు పేరెందుకు?" అంటే, "పేరు లేకపోతే గుళ్లో ఎవరిని చల్లగా చూడమని అడగను?" అన్నాడు. అంచు వస్తే దాని పాదాలకు తెలియాలని పాత వలతాడు తెచ్చి జెట్టీ అంచుల వెంట మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ నెలలో ఆయన సగమైపోయాడు.

మూడోవారం ఒక పొద్దున ఎవరో గేటు తీసి వదిలేశారు. నేను ఖాళీ గిన్నెలు తెచ్చుకుందామని వెళ్తూ చూద్దును కదా, పెంగాన్ తాడు కొట్టిన మేర దాటిపోయి అంచున నిలబడి ఉంది. నిండు పోటు. ముందుకాళ్ల గోళ్లు పలక బయటికి వచ్చేశాయి. అందరూ కేకలు. దానికి వినపడదు. ఇద్దరు పరిగెత్తబోయారు. పలకలు అదిరేసరికి అది బెదిరి ఇంకో బెత్తెడు ముందుకు జరిగింది.

"ఎవరూ కదలకండి" అన్నాడు చిన్నాన్న. పుట్టి ఇన్నేళ్లలో ఆయన ఆజ్ఞ ఇవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

జెట్టీ మొత్తం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. ఆయన దూరం నుంచి పలక తట్టాడు. పెంగాన్ ఆగింది. మళ్లీ తట్టాడు. అది వెనక్కి తిరిగి, ఒక్కో పలకా వాసన చూస్తూ, ఆయన దాకా నడిచొచ్చింది. చిన్నాన్న కూలబడి దాన్ని వాటేసుకున్నాడు. ఆయన వణుకు చూసి ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

నెల తిరగ్గానే యోగమలర్ గారు వచ్చారు. ఈ సంగతి ఎవరు మోశారో, ముఖం గంభీరంగా ఉంది. చిన్నాన్న నోట్లో మూడు మేకులు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని తాడు బిగిస్తున్నాడు. పెంగాన్ పక్కనే పడుకుని ఉంది.

ఆవిడ పెద్దమ్మను అడిగారు. "నిజం చెప్పండమ్మా. ఇక్కడ ఎంతమంది నీళ్లలో పడుతుంటారు?"

"ఎందుకు పడరూ? పలకలు విరిగి ఏడాదికొకరు..." అంటూ పెద్దమ్మ ఆగింది. "చివరిసారి పడింది మా ఆయన. కాలు విరిగింది. హువాటే పైకి లాగాడు. అప్పుడు మా రెండోవాడు కడుపులో ఉన్నాడు."

"రెండో అబ్బాయి వయసెంత?"

"ముప్పై ఆరు."

అంటే ఆ తరవాత ఒక్కరూ పడలేదు. నేను మొదటిసారి కాళ్లకింద చూశాను. నల్లబడ్డ పలకల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి వేరే రంగు పలకలు, వేరే రకం మేకులు. ఇన్నేళ్లుగా మధ్యాహ్నం కునుకు పట్టనివ్వని చిన్నాన్న సుత్తి చప్పుడు విని, భయస్థుడు తన ఇల్లు గట్టి చేసుకుంటున్నాడని నవ్వుకునేవాళ్లం.

"హువాట్, ఇవన్నీ మార్చింది నువ్వా?" అంది పెద్దమ్మ.

చిన్నాన్న నోట్లోంచి మేకులు తీశాడు. "అన్నీ కాదు వదినా. పుచ్చినవే."

"ఇన్నేళ్లలో ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెబితే మీరంతా భయపడతారని."

యోగమలర్ గారు సంచీలోంచి పెంగాన్‌ను ఆయనకే ఇచ్చేస్తున్నట్టు రాసిన కాగితం తీసి అక్కడే సంతకం పెట్టేశారు. పెద్దమ్మ మాత్రం కదల్లేదు. తను నిలబడ్డ పలకనే చూసుకుంటోంది.

"మరి ఇది?"

"అది మొన్ననే మార్చాను వదినా. నిశ్చింతగా నిలబడండి."