కౌజులకిచ్చిన మాట

మా పక్కింటి వదిన పోయింది. గుత్తి ఆసుపత్రి నుంచి శవాన్ని జీపులో తెచ్చి ఆమె అరుగు మీద దించుతుంటే, మా పంచలో పంజరంలో ఉన్న కౌజు పిట్టలు రెండూ ఒక్కసారిగా కూశాయి. జనం ఏడుస్తున్నారు. అవి మాత్రం ఆమె తిరిగొచ్చిందనుకున్నాయి.

నాకు రాత అంతంత మాత్రం. ఉన్నమాటే రాస్తాను. ఆమె నాకు చుట్టం కాదు. రెండిళ్లకూ గోడ ఒకటే, అందుకని వదిన. వానలు మొహం చాటేసిన ఏడల్లా నేను బళ్లారి దిక్కు కాలువల కింద వరికోతలకు పోయేవాణ్ణి. నాకు ఇంట్లో మరో మనిషి లేరు. కౌజులను ఎవరికి అప్పగించాలన్నదే బెంగ. పిల్లి కంటే కోసుకు తినే మనిషి భయం ఎక్కువ. వదిన మాంసం ముట్టదు. అందుకే ఆమెను నమ్మాను.

మొదటిసారి పంజరం ఆమె పంచలో దించి, "పోతాండా వదినా" అన్నాను.

చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. "ఏం మాటప్పా అది? పోయొస్తా అను. నాతో కాదు, వాటితో. నోరులేని జీవాలు, మాట పట్టుకోనుంటాయి. పోతానంటే మేత ముట్టవు."

"పిట్టలకు చెప్పిపోయేంత పిచ్చోన్ని కాదు."

"అయితే ఎత్తుకోని పో! సంకలో పెట్టుకోని కోతలు కొయ్యి."

గుత్తిలో రైలు అందుకోవాలి. పంజరం ముందు గొంతుక్కూర్చుని "పోయొస్తా" అన్నాను. వీధిలో ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాను. ఆమె నవ్వు దాచుకోలేదు.

పూజలు చేసుకునే మనిషి. అయినా కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి పుట్ట దగ్గర బోర్లించి, పట్టిన చెదలు దులిపి వాటికి పెట్టేది. "పాపం నీది, పుణ్యం నాది మరిదీ" అనేది. బావులు ఎండిన ఏడు కూడా, అంతదూరం మోసుకొచ్చిన బిందెలోంచి మొదటి నీళ్లు వాటి చిప్పలోకే. సందెవేళ అవి కూస్తే వంటింట్లోంచి "ఈడే ఉండా లేమ్మా" అని బదులిచ్చేది. అప్పుడుగానీ అవి సద్దుమణిగేవి కావు. నేను తిరిగొచ్చాక కూడా, గోడ అవతల నుంచి ఆ బదులు రావలసిందే.

"అవి బలిసినాయి, నువ్వేమప్పా ఇట్లయినావు? వరికి బదులు నిన్ను కోసినారా బళ్లారోళ్లు?" అనేది.

పోయిన వారం ఆసుపత్రికి పోతూ, కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ కూడా జీపు ఆపించింది. మా పంచలోకి వచ్చి పంజరం మీద చెయ్యేసి, "పోయొస్తానే తల్లీ" అంది. నాతో ఒక్క మాటా అనలేదు.

అవి ఆ మాటే పట్టుకున్నాయి. కొర్రలు ముట్టవు. చెదలు దులిపి పెట్టినా ముట్టవు. రొమ్ముటెముకలు చేతికి తగులుతున్నాయి. నా కళ్లముందు చావడం కంటే గుట్టల్లోకి పోయి బతకడం మేలని నిన్న సాయంత్రం పంజరం తలుపు తీశాను.

గుట్టల వైపు పోలేదు. మెల్లగా నడుచుకుంటూ ఆమె వాకిట్లోకి పోయి, తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డాయి. ఒకటి కూసింది. మెడ సాచి ఆగింది.

నేను గోడ ఇవతల నుంచి "ఈడే ఉండా లేమ్మా" అన్నాను.

అవి నావైపు తిరగలేదు. తలుపు వైపే చూస్తూ మళ్లీ కూసి, మళ్లీ ఆగాయి.