ముగ్గురు కార్మెన్‌లు

నా చిన్నప్పుడు, కరోనా వల్ల బడి మూతపడిన వసంతంలో, హాంబర్గ్‌లో మా కింది ఇంటి స్పెయిన్ అవ్వకు వంశవృక్షం గీసిపెట్టే పని నా మీద పడింది. అప్పుడు నాకు పదేళ్ల రెండు నెలలు. స్పెయిన్‌లో ఉన్న ఆమె అన్నయ్యకు తొంభై ఏళ్లు నిండబోతున్నాయి. సరిహద్దులు మూసేయడంతో ప్రయాణం కుదరలేదు. తన బదులు ఆ పటమైనా వెళ్లాలని అవ్వ పట్టుదల. పని అప్పజెప్పిన మరునాడు మధ్యాహ్నంలోగా పోస్టులో వేయకపోతే పుట్టినరోజుకు అందదు.

వాళ్ల ఊరి చర్చివారు జ్ఞానస్నానాల పుస్తకం ఫొటోలను మా నాన్నగారి ఈమెయిల్‌కు పంపారు. స్పానిష్ అంకెలూ నెలలూ ఒక కాగితం మీద రాసుకుని, అంతకుమించి భాష అక్కర్లేదనుకున్నాను. అక్కడ ప్రతి మనిషికీ తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ రెండూ ఉంటాయి. ఎవరు ఎవరి బిడ్డో తేల్చడం నాకు చాలా సులువైంది.

చిక్కు ఒక్కచోటే వచ్చింది. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన కార్మెన్‌లు ఇద్దరు కనిపించారు. తేదీల మధ్య తేడా రెండేళ్లు. రెండో తేదీ కింది ఇంటి అవ్వది, ఆమె పేరూ కార్మెనే. మొదటిది రాసినవారి పొరపాటని తీర్మానించి, ఆ పేరు కొట్టేసి పటం పూర్తిచేశాను. తప్పు పట్టుకున్నానన్న గర్వంతో ఆమెకు చూపించాను. ఇద్దరం మాస్కులతో మెట్ల మీద కూర్చున్నాం, మధ్య ఏడు మెట్ల దూరం.

అవ్వ పటాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చూసింది. లోపలికి వెళ్లి మూడు కప్పుల వేడి చాక్లెట్ తెచ్చి నడిమి మెట్టు మీద వరసగా పెట్టింది.

“ఇది మా నానమ్మ కార్మెన్‌ది. ఇది ఎనిమిది నెలలు బతికిన మా అక్క కార్మెన్‌ది. ఇది నాది. ఇందులో ఏ కప్పు తీసేయమంటావు, లెక్కల పంతులమ్మా?” అని జర్మన్‌లో అడిగింది.

“ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే పేరు పెడతారా?”

“మావాళ్లు చేపలు పట్టి బతికేవాళ్లు. సముద్రం మీద కాపాడే కార్మెల్ మాత పేరే కార్మెన్. బిడ్డ పోయిందని ఆ పేరు ఎలా వదులుకుంటారు? నాకు పెట్టారు. అక్కను ఉయ్యాలలో ఊపింది మా అన్నయ్యే. పటం చేతికి రాగానే తను మొదట వెతికేది ఆ పిల్లనే.”

మూడు కప్పులూ నేనే తాగాలన్నది ఆమె వేసిన శిక్ష. మూడోదానికి కడుపు ఉబ్బిపోయింది.

ఇంటికొచ్చి కొత్త కాగితం పరిచాను. “మళ్లీ మొదటినుంచా? కొట్టేసేటప్పుడు చూపించిన హుషారు ఇప్పుడేదే?” అని మా అమ్మ నవ్వింది. సాయంత్రానికల్లా అక్కకూ చెల్లెలికీ పక్కపక్కన చోటిచ్చి, ఎవరి తేదీ వారికి రాశాను. పుట్టినరోజునాడు అన్నయ్య ఫోన్‌లో పటమంతా వదిలేసి ఆ చిన్నపిల్ల గురించే మాట్లాడాడని అవ్వ మెట్ల మీద నిలబడి గట్టిగా చెప్పింది.

ఇప్పుడు నాకూ ఆ అవ్వ వయసు వచ్చింది, ఇన్నేళ్లూ అడిగినవాళ్లకు వంశవృక్షాలు గీస్తూనే ఉన్నాను. ఇప్పటికీ తేదీలను నమ్మినంతగా మరి దేన్నీ నమ్మను. అయితే రెండు తేదీలు పొసగనప్పుడు ఏదీ కొట్టేయను. కలం పక్కన పెట్టి, ముందు ఆ ఇంటివాళ్లెవరికైనా ఫోన్ చేస్తాను.