బీరువాలో పెట్టిన ఫోన్

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెబుతాను. పదిహేను మంది వింటుండగా, ఏమీ నిర్ధారించుకోకుండా, ఒక మనిషి పేరు పైకి చదివాను.

2023, వానాకాలం చివర. నాగర్‌కర్నూల్‌లో ఉంటూ, శాటిలైట్ ఇంటర్నెట్ డిష్‌లు బిగించే ఒక ప్రైవేటు కంపెనీలో టెక్నీషియన్‌గా అప్పటికే ఏడేళ్లు పనిచేశాను. అమ్రాబాద్ దాటాక అడవి అంచు ఊళ్లలో కొన్నిటికి సెల్ సిగ్నల్ ఉండదు. ఇంటి మీది డిష్ ఒక్కటే దిక్కు. దాంతో వచ్చే చిక్కు డేటా లిమిట్. నెలకింత అని కోటా ఉంటుంది. అది అయిపోతే లైన్ తెగదు గానీ స్పీడ్ పడిపోతుంది, ఒక్క ఫోటో తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది.

అలాంటి ఒక ఊళ్లో కుర్మయ్య అనే పెద్దాయన ఇంట్లో కోటా పదో తారీఖుకే అయిపోతోందని ఫిర్యాదు. ముగ్గురు కొడుకులు, కోడళ్లు, పిల్లలు అందరూ ఒకే పొయ్యి మీద తినే ఇల్లు. తొమ్మిది ఫోన్లు. నేను వెళ్లేసరికి అందరూ వాకిట్లో కూర్చుని పల్లికాయ తెంపుతున్నారు. ల్యాప్‌టాప్‌లో రౌటర్ పేజీ తెరిచాను. ఏ ఫోన్ ఎంత డేటా వాడిందో పేర్లతో సహా వరసగా కనిపిస్తుంది అందులో. అన్నిటికన్నా పైనున్న పేరు చదివాను.

"సుజాత."

చిన్నకోడలు చేతిలోని పల్లిచెట్టు కింద పడింది. "నేనా? మంగళారం మంగళారం పాప క్లాసు తప్ప నేనేం పెట్టనన్నా."

ఆమె నాలుగేళ్ల కూతురు వర్షిణికి పుట్టుకతో వినపడదు. ఏడాది కిందట హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి చెవికి మిషన్ అమర్చారు. దాంతో శబ్దం వినిపిస్తుంది గానీ మాట దానంతటదే రాదు, నేర్పాలి. వారానికోసారి ఒక థెరపిస్టు అరగంట సేపు వీడియో కాల్‌లో నేర్పుతోంది.

"ఇంట్ల డేటంత మింగేది గా క్లాసేనా?" అని కుర్మయ్య నన్ను అడిగాడు.

వారానికో అరగంట కాల్ నెల కోటాలో ఏ మూలకూ రాదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ వాన ముసురుతోంది, ఇంకో రెండిళ్లు మిగిలి ఉన్నాయి. "వీడియో కాల్ చాలా తింటది పెద్దయ్యా" అనేశాను.

పెద్దకోడలు నవ్వింది. "మేం సీరియల్ పెడితె ఉత్తగ గిర్రున తిరుగుడే. ఎవరి పుణ్యమో ఇయ్యాల తెల్సింది."

"ఇగ క్లాసు బంద్" అన్నాడు కుర్మయ్య. సుజాత భర్త తండ్రికి ఎదురు చెప్పే మనిషి కాదు, తల వంచుకుని కాయలే తెంపాడు. ఆమె ఫోన్ బీరువాలోకి, తాళంచెవి కుర్మయ్య మొలతాడుకి వెళ్లాయి. సుజాత నా వైపు చూసింది. నేను సంచి సర్దుకున్నాను.

నెల తిరిగింది. కొత్త కోటా వచ్చిన వారానికే ముప్పావు ఖాళీ అయిందని మళ్లీ ఫిర్యాదు. వెళ్లి చూస్తే లిస్టులో పైన అదే పేరు.

"పెద్దయ్యా, ఆ ఫోన్ మళ్ల ఇచ్చిన్రా?"

"ఎందుకిస్త? తాళంచెవి నా నడుముకే ఉన్నది గద!"

బీరువా తెరిపించాను. మడత పెట్టిన చీరల మీద ఆ ఫోన్, ఎప్పుడో చార్జింగ్ అయిపోయి, చల్లగా ఉంది. పెట్టింది పెట్టినట్టే ఉన్న ఫోన్ ఇంత డేటా ఎట్లా వాడింది?

మొదటి రోజే చేయాల్సిన పని అప్పుడు చేశాను. కుర్మయ్య వెళ్లి తన మంచం మీద ఒరిగాక, రౌటర్‌లో ఆ పేరున్న ఫోన్‌ను బ్లాక్ చేసి, ఎవరికి నెట్ ఆగుతుందోనని నిలబడ్డాను. కాసేపటికి మంచం మీంచి కేక వినిపించింది.

"ఏందిర గిది? ఎద్దులు బండ గుంజుకుంట గుంజుకుంట నడుమనే నిల్చిపోయినయ్!"

కుర్మయ్య ఫోన్‌లో ఎడ్ల బండలాగుడు పోటీ వీడియో ఆగిపోయింది. అది సుజాత పాత ఫోన్. క్లాసు కోసమని కొత్తది కొన్నప్పుడు ఆమె భర్త పాతదాన్ని తండ్రికిచ్చాడు. పెద్ద ఇళ్లలో ఫోన్లు ఇట్లా చేతులు మారుతూనే ఉంటాయి, లోపలి పేరు మాత్రం ఎవరూ మార్చరు. ఏడేళ్లు ఇలాంటి ఇళ్లలో తిరిగినవాణ్ని, నాకు తట్టాల్సింది.

కుర్మయ్య ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాదేనా సారూ? నేను ఒక్కటే పెడత. దాని ఎనక ఇంకోటి, దాని ఎనక ఇంకోటి అదే వస్తది. నేను కునుకు తీస్త..."

సుజాత గొంతు పెంచలేదు. "నాలుగు క్లాసులు పోయినయన్నా. పాప సీటు వేరే పాపకిచ్చిన్రు. 'అమ్మ' అనుడు అప్పుడప్పుడే మొదలువెట్టింది. ఇప్పుడు మళ్ల కొంగు గుంజి సైగలే."

వర్షిణి తల్లి మోకాలి వెనక నిలబడి నన్నే చూస్తోంది.

ఆ వాకిట్లోనే, అంతమందికీ వినపడేలా చెప్పాను. "సుజాత తప్పేం లేదు. క్లాసు తప్పూ లేదు. చూడకుండ చెప్పింది నేను." తర్వాత తొమ్మిది ఫోన్లూ మంచం మీద పెట్టించి, ఏది ఎవరి చేతిలో ఉందో అడిగి పేర్లు మార్చాను. మంగళవారం ఆ అరగంట మిగతా ఫోన్లకు నెట్ అందకుండా సెట్టింగ్ పెట్టాను. సాయంత్రం అమ్రాబాద్ వచ్చి, సిగ్నల్ అందగానే థెరపిస్టుకు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. సీటు ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందేనని, అప్పటిదాకా పాఠాలు రికార్డు చేసి పంపగలనని ఆమె అంది. ఆ ఇంట్లో మిగిలిన కోటాకు అంత పెద్ద వీడియోలు దిగవు. నేను నాగర్‌కర్నూల్‌లో మా ఇంట్లో దించుకుని, మెమరీ కార్డులో వేసి, సోమవారం బండి మీద తీసుకెళ్లాను.

కార్డు ఇచ్చి మళ్లీ క్షమాపణ చెప్పబోతే సుజాత ఆపింది.

"అయిపోయిన ముచ్చట ఎందుకన్నా. వచ్చే సోమారం కార్డు మర్వకు."

మరవలేదు. పాపకు సీటు తిరిగి దొరికేదాకా తొమ్మిది సోమవారాలు వెళ్లాను.