తోడికోడలి ఆవు

ఈ మాట మోసీ మోసీ అలిసిపోయేను. ఇంట్లో ఎవరికీ చెప్పలేను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్తన్నాను. మా తోడికోడలి ఆవుకి పొదుగువాపు అంటించింది నేనే.

మాది తుమ్మపాల పక్కన పల్లె. చెరుకు పొలం, రెండావులు. ఒకటి నాది. రెండోది మా మరిది పెళ్ళాం దేవరాపల్లి నుంచి పెయ్యగా తెచ్చుకుని పెంచింది. రెండూ ఒకే పశువుల సాలలో ఉండేవి. ఆమె ఆవు ఈనిన దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. నిండు పొదుగు, చిక్కటి పాలు. మా అత్త నా ఆవు పాలు పక్కన పెట్టించి, ఆ పాలతోనే టీ పెట్టమనేది. ఓ రోజు మా ఆయన కూడా గ్లాసు ఖాళీ చేసి, "టీ అంటే ఇదీ" అన్నాడు. వేరే ఎవరన్నా అంటే ఊరుకుందును. ఆయన అనాలా? ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లో పాడి మొదలెట్టింది నేను. ఆ సంగతి అందరూ మర్చిపోయేరు.

ఆ రోజుల్లోనే నా ఆవుకి పొదుగువాపు వచ్చింది. పశువుల డాక్టరు సూది వేసి, ఒకటికి రెండుసార్లు చెప్పేడు. జబ్బు ఆవుని ఆఖర్న పితకాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పితికేక చన్ను రంధ్రం కాసేపు తెరుచుకునే ఉంటుంది, గడ్డి వేసి ఆవుని నిలబెట్టాలి, పడుకోనివ్వకూడదు. కొత్తగా ఈనిన ఆవుకి జబ్బుని ఎదుర్కొనే శక్తి తగ్గి ఉంటుంది, దానితో మరీ జాగ్రత్త అన్నాడు. అన్నీ విని తలూపేను.

ఆ వారంలోనే తోడికోడలు, తమ్ముడికి జ్వరమని పుట్టింటికి పోతా ఆవుని నాకు అప్పజెప్పింది. ఆ సాయంత్రం నా ఆవుని ముందు పితికేను. విరిగిన పాలలాంటి ముక్కలు వేళ్ళకి అంటుకున్నాయి. గోలెంలో నీళ్ళు పక్కనే ఉన్నాయి. కడుక్కోలేదు. అలాగే పోయి తోడికోడలి ఆవు చన్నులు పట్టుకున్నాను. పితికేక గడ్డి కూడా వెయ్యలేదు. అది పేడలోనే పడుకుంది. మర్చిపోయేనా? తొందరలో ఉన్నానా? అవుననిపించుకోడానికి ఇన్నేళ్ళూ నన్ను నేనే ఎన్ని రకాలుగానో అడిగి చూసుకున్నాను. కాదు. నీళ్ళ వైపు ఒకసారి చూసి మరీ కదిలేను.

ఆమె తిరిగొచ్చేసరికి పొదుగు గట్టిపడి కాలిపోతన్నాది. డాక్టరు పాలల్లో ముక్కలు చూపించి, ఇవి లోపల క్రిమితో కొట్లాడి చచ్చిన కణాలమ్మా అన్నాడు. వాపూ వేడీ కూడా ఆ కొట్లాటేనట. ఈనిన నీరసంలో ఉంది కదా, దాని ఒళ్ళు ఆలస్యంగా మేలుకుందన్నాడు. ఆ మూగజీవం ఎవరు పెట్టిన దానితో కొట్లాడతన్నాదో నాకొక్కదానికే తెలుసు.

తోడికోడలు నా పక్కన కూలబడి ఏడ్చింది.

"ఎవలి కళ్ళు పడ్డాయో అక్కా. నీ సెయ్యి మంచిది, నువ్వే దిష్టి తియ్యి."

"నానెందుకే? అత్తని తియ్యమను."

"నాను లేనప్పుడు దాన్ని సూసుకున్నది నువ్వు. నువ్వు తీత్తేనే పోద్ది."

తీసేను. ఉప్పూ మిరపకాయలూ ఆ ఆవు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేను. ఘాటు రాలేదు. "సూసేవా అక్కా, ఎంత దిష్టో" అని ఆమె నా భుజం మీద తల పెట్టుకుంది. నేను ఆమె వీపు నిమిరేను.

ఒక చన్ను ఎండిపోయింది. ఇక అందులో పాలు రావని డాక్టరు చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. హాయిగా అనిపించింది. కడుపు నిండినంత హాయి. నేను చేసినదానికన్నా ఇన్నాళ్ళూ ఎక్కువ దాచుకున్నది ఈ హాయినే. పోనీ అక్కడితో చల్లారేనా? మిగిలిన మూడు చన్నులతోనే ఆవుని నిలబెట్టుకుందని వీధంతా ఆమెని మెచ్చుకుంటే, దానికీ కుళ్ళుకున్నాను.

ఆమెకి చెప్తానా? నా వల్ల కాదు. ఇప్పటికీ ఊరెళ్తే తన పశువుల్ని నాకే అప్పజెప్తాది. మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించడానికి ఆవు మీది కాదు కదా. తెలిసే చేసేను. కుళ్ళుతో చేసేను. నోరు తెరిచి ఈ మాట అనడం ఇదే మొదలు. ఊపిరి కొంచెం ఆడతన్నాది.