ఎర్రనీళ్ళ మాస్టారు

మా సైన్సు మాస్టారు పోయారు. పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీదే కన్నుమూశారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. "మీ మాస్టారు మరి నేరు బాబూ" అంది. ఆ వెంటనే "గెడ్డకి నీరొచ్చిందేటి?" అని అడిగింది. తొలకరి రోజుల్లో ఆ ఇంట్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. నాకు ఏడుపు అప్పుడొచ్చింది.

మందస కొండల మీంచి దిగే వాగే మా గెడ్డ; మా ఊరి పక్కనుంచే పోతుంది. దాన్నుంచి ఒక కాలువ మా మంచినీళ్ళ చెరువులోకి వస్తుంది. కాలువ మొదట్లో మదుము, అంటే తూము, దాన్ని మూయడానికో చెక్క పలక. తొలకరికి గెడ్డ టీ డికాక్షన్ రంగులో దిగుతుంది. మా వాళ్ళు దాన్ని కొండాకుల కషాయమంటారు. పసుపూ కుంకుమా చల్లి చెరువులోకి వదులుతారు, తలా ఒక గుక్క తాగుతారు. ఇంటికొకరికి కిడ్నీలు పాడవుతున్న ఉద్దానం మాది. మందు అంటే ఎవరు కాదంటారు?

మాస్టారొక్కరే కాదన్నారు. ఏటా నీరు రాకముందే వెళ్ళి పలక దించి, మూడు రోజులు ఆ గట్టు మీదే కూర్చునేవారు. తిట్లు తినేవారు. ఎవరింటికెళ్ళినా గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూడనిదే తాగేవారు కాదు. "పెళ్ళిసూపుల్లో నన్నంతసేపు సూడనేదు" అని ఆయన భార్య దెప్పేది.

రెండేళ్ళ కిందట, జీడితోట పని మానుకుని ఆయనతో వెళ్ళాను. వానలో గంటకోసారి సీసా ముంచి, వెలుతురు తగలకుండా దానికి నల్లగుడ్డ చుట్టేవారు.

"నీరు పెరిగేటప్పుడు పట్టాల్రా. తగ్గేక పడితే పెళ్ళయిపోయేక పందిరి సూసినట్టే."

"అంత రంగు ఎక్కడిది మాస్టారూ?"

"ఏసంగంతా ఎండలో ఆకు ఎండి, కుళ్ళి, కాసుక్కూసుంటాది. సన్న వానైతే నీరు నేల్లోకి దిగి, అడుగు మట్టిలో వడకట్టుకుని వత్తాది. జోరు వానకి దిగడానికి టైమేదీ? పైమట్టిలోంచే పారి ఆ రసమంతా ఒక్కపాలి ఈడ్చుకొత్తాది."

"ఏటేటా ముదురుతున్నట్టుంది."

"తుపానుకి పడిన సెట్లు ఇంకా కుళ్తన్నాయి. ఎండ పెరిగింది. వాన కురిత్తే కుండపోతే. కొండ ఇంకెంత దాసుకుందో నాకు తెల్దు."

ఆయనకి తెలియనిదొకటుందంటే నాకు భయం వేసింది. బ్లీచింగు వేస్తే తేటపడుతుంది కదా అన్నాను.

"రంగు పోతాది. ఆ రసమూ బ్లీచింగూ కలిసి ఇంకో ఇసం పుడతాది. దానికి రంగుండదు, అదీ పేచీ."

"మీ కిడ్నీలు పాడయింది ఈ నీళ్ళవల్లేనా?"

"తెల్దు. తెలీనప్పుడు తెల్దనాల. తెలిసింది మాత్రం నోరు తెరిసి సెప్పాల."

చివరిసారి ఆసుపత్రిలో ఆయన చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగిలాయి. "ఈ ఏడు పలక నువ్వు దించాల్రా" అన్నారు. దించుతానన్నాను.

పదకొండో రోజు మాస్టారింట్లో భోజనాల వేళ కొండల మీద ఆకాశం నల్లబడింది. వడ్డన నా మీదుంది. గెడ్డకి నీరొచ్చిందన్న కేక వినపడ్డాకే గిన్నె అక్కడే పెట్టి, పలక దించడానికి పరిగెత్తాను. అప్పటికే ఊరంతా మదుము దగ్గరుంది. పలక ఒడ్డున పడుంది. అంత నల్లటి నీరు నేనెన్నడూ చూడలేదు. అది కాలువ నిండా, చప్పుడు లేకుండా, చెరువులోకి పోతోంది.

మా మేనత్త కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "సూసినావేటి! పదకొండో రోజుకే మాస్టారు కొత్తనీరు పంపినారు. బతికున్నప్పుడు వద్దన్నారు గానీ, పైకెల్లేక దీవించినారు. ఆయన దగ్గిర సదివినోడివి, ముందు నువ్వు తాగు" అని చెంబు నా చేతిలో పెట్టింది.

అందరూ నన్నే చూస్తున్నారు. అందరివీ తడి కళ్ళే. ఆయన మీద ప్రేమతోనే వదిలారు ఆ నీటిని. వద్దని ఒక్క మాట అనాలి. ఆ ఒక్క మాట కోసమే ఆయన నాకన్నీ చెప్పారు.

తాగాను. వగరుగా ఉంది.

నేను తాగడం చూసి చంటిపిల్లల తల్లులు ముందుకొచ్చారు. చెంబు చేతులు మారుతోంది. అవతలి గట్టు మీద ఎవరో బ్లీచింగు బస్తా మూతి విప్పుతున్నారు.