కోటయ్య అడిగిన సాక్ష్యం

టైరు కాలిన వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చెమటలు పడతాయి. ఆటోనగర్‌లో పనుంటే ఇంకొకర్ని పంపుతాను. ఎందుకని ఇంట్లో అడిగితే, అక్కడి మెకానిక్కులు నన్ను చూసి పాత బండి అనుకుని విప్పేస్తారంటాను. నవ్వుతారు. నవ్వించి తప్పించుకోవడం నాకు చిన్నప్పటినుంచీ పట్టుబడిన విద్య. అయిదో తరగతి తప్పి బడి మానేసినవాడికి ఇంకే విద్య వస్తుంది? ఆ విద్యతోనే ఒక మనిషిని కొట్టించాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

డెబ్బైల నాటి మాట. బెజవాడ చివర, కాలవ గట్టు పక్కన మాది నేతగాళ్ల వీధి. మగ్గానికి ఎక్కించే పడుగు దారాలకు గంజి పెట్టి, వీధి పొడవునా సాచి, కుంచెలతో రుద్దేవాళ్లం. తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించాలి. ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వంతు. వంతు ఎవరిదైనా కుంచె పట్టడానికి వీధంతా వచ్చేది.

మా వీధి వెనక దిబ్బలో ఊరి చెత్త పోసేవారు. అక్కడ చెత్త కాల్చే పెద్ద బట్టీ కడతామన్నారు మునిసిపాలిటీ వాళ్లు. గొట్టం ఎత్తుగా ఉంటుందట, పొగ పైపైనే పోతుందట. మరి మసి? తడి పడుగు మీద పడిందంటే ఉతికినా పోదు. నాకు నిజంగానే భయం వేసింది. వాళ్లు మా వీధిలో పెట్టిన మీటింగులో లేచి నిలబడ్డాను. నోరు తెరవకముందే జనం నవ్వడం మొదలుపెట్టారు. మునిసిపాలిటీ నుంచి వచ్చిన ఇంజినీరు గారు కూడా నవ్వి టీ తాగారు. నేను భయపడి మాట్లాడుతున్నానని ఒక్కరికీ తట్టలేదు. బట్టీ వస్తే మనవాళ్లకు ఉద్యోగాలొస్తాయేమో అనుకుంటూ సగం మంది ఇళ్లకు పోయారు.

చెబితే నమ్మరు. చూపిస్తే? నా వంతు రోజున నా పడుగు మీదే మసి పడేలా చేస్తే? నష్టం నాదే కదా, ఇందులో తప్పేముంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక నన్ను చూసి నవ్విన మొహాలు మాడిపోతే చూడాలనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

దిబ్బకు కాపలా కోటయ్య. మునిసిపాలిటీ పెట్టిన మనిషి. నాకన్నా పెద్దవాడు. నా జోకులకు అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా ఎక్కువగా నవ్వేవాడు. చల్లపల్లిలో ఉన్న కూతుర్ని చూసి చాన్నాళ్లయిందని అంటుండేవాడు. ఒక్క రాత్రికి ఏం కొంపలు మునుగుతాయి, వెళ్లి రమ్మని నేనే ఎగదోశాను. బస్టాండుకు తీసుకెళ్లి నేనే బస్సు ఎక్కించాను. అతను లేకపోతే నన్ను చూసేవాళ్లుండరు. అదీ నా తెలివి.

తెల్లవారుతుండగా, ఆటోనగర్ నుంచి తెచ్చి దాచిన టైరు ముక్కలు దిబ్బ మీద అంటించాను. గాలి వీధి వైపే ఉంది. వెనక్కి వచ్చి చూస్తే వీధిలో సాచి ఉన్నది మా పడుగు కాదు. పక్కింటి వెంకాయమ్మత్తది. సరుకు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడిందని ఆమె దిగులుపడుతుంటే, మా అమ్మ మా వంతు ఆమెకు ఇచ్చేసింది. తెల్లటి దారాలు తడితడిగా మెరుస్తున్నాయి. నువ్వు లేకపోతే వీధికి సందడే లేదురా అంటూ అత్త నా చేతికి కుంచె ఇచ్చింది.

పరిగెత్తి మంట ఆర్పొచ్చు. కనీసం పడుగు చుట్టేయమని అరవొచ్చు. నీకెలా తెలుసని అడిగితే? కుంచె పట్టుకుని తల దించుకున్నాను. ముందు వాసన వచ్చింది. తర్వాత మసి రాలింది, జిడ్డు జిడ్డుగా, నల్లగా. అత్త చేత్తో తుడవబోయింది. తుడిచినచోటల్లా నలుపు ఇంకా సాగింది. ఆమె ఏడవలేదు. నల్లబడ్డ చేతులు ముందుకు చాపుకుని అలాగే నిలబడిపోయింది.

బట్టీ కడతామన్నవాళ్లే తగలబెట్టి చూస్తున్నారని ఎవరో అన్నారు. అన్నది నేను కాదు. కానీ కాదని కూడా నేను అనలేదు. అందరం దిబ్బ మీదికి పోయాం. ఎండెక్కాక కోటయ్య వచ్చాడు, కూతురు కట్టిచ్చిన జంతికల మూటతో. నువ్వే అంటించావంటూ జనం చుట్టుముట్టారు.

“రాత్రి నేను ఊళ్లోనే లేనండీ,” అన్నాడు. గుంపులో నన్ను చూడగానే అతని మొహం విప్పారింది. “ఇదిగో, ఈ అబ్బాయికి తెలుసండీ. నిన్న నన్ను చల్లపల్లి బస్సు ఎక్కించింది ఇతనే. చెప్పబ్బాయ్.”

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. ఎక్కించానంటే, ఎందుకు ఎక్కించావంటారు. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికి వస్తుంది. అమ్మ అక్కడే ఉంది. అత్త అక్కడే ఉంది.

“నేను అయిదో తరగతి తప్పినోణ్ణి,” అన్నాను. “నా సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుద్ది కోటయ్యా?”

అందరూ నవ్వారు. కోటయ్య కూడా నవ్వాడు, ఎప్పట్లాగే కాస్త ఆలస్యంగా. జోకు అయ్యాక నిజం చెబుతాననుకున్నాడు. నేను చెప్పలేదు. ఆ నవ్వు మొహం మీదే మొదటి దెబ్బ పడింది.

తర్వాత ఎన్ని పడ్డాయో నేను చూడలేదు. చెవిలోంచి నెత్తురు కారడం చూశాను. జంతికలు చెత్తలో కలిసిపోయాయి.

నల్లబడ్డ పడుగును మునిసిపాలిటీ ఆఫీసుకు మోసుకెళ్లి ఇంజినీరు గారి బల్ల మీద పరిచారు. ఈసారి ఆయన నవ్వలేదు. బట్టీ మాట అంతటితో ఆగింది. కోటయ్య ఉద్యోగం పోయింది. వీధంతా తలా కాస్త నూలిచ్చి అత్తను నిలబెట్టారు. బతికున్నన్నాళ్లూ ఆమె కోటయ్యను తిట్టుకుంది. గోడకు ఇవతల కూర్చుని ఆ తిట్లన్నీ విన్నాను.

బట్టీ వచ్చుంటే మా వీధి ఉండేది కాదు. అది నిజం. ఆ నిజం చాటున చాలాకాలం దాక్కున్నాను. కానీ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాణ్ణి. బస్టాండులో ఎవరైనా ఒక చెవి పోయినవాడిలా రెండో చెవి ముందుకు పెట్టి వింటుంటే పక్కకు తప్పుకునేవాణ్ణి. కోటయ్య ఎన్నడూ రాలేదు. ఎందుకు రాలేదు? అంతగా ఎగదోసి నేనెందుకు బస్సు ఎక్కించానో అతనికి తట్టకుండా ఉంటుందా? తెలిసీ ఊరుకున్నాడా? తెలియక, నన్నింకా స్నేహితుడనే అనుకున్నాడా? ఈ రెండింట్లో ఏది ఎక్కువ భయమో నాకు తెలీదు.

అతను ఇప్పుడు ఉన్నాడో లేడో. అడగవలసిన వేళ దాటిపోయింది. అయినా అతను అడిగినదానికి జవాబు చెబుతున్నాను.

అవునండీ. కోటయ్య ఆ రాత్రి ఊళ్లో లేడు. చల్లపల్లి బస్సు ఎక్కించింది నేనే. కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలాక కూడా నాకు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. టైర్లు అంటించింది నేను.

నవ్వకండి.